ఓదెలు అడిగిన పానా నంబర్లు

నేను చదివింది నాలుగో తరగతి వరకే. ఐదులో చేరాను కానీ రెండు నెలలు కూడా పోలేదు. అందుకే ఇది ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాస్తున్నాను. ఇన్నేళ్ళు బోల్టులు విప్పే పానా, అదే స్పానరు, పట్టిన చేతికి పెన్ను అలవాటు లేదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో నాకు రాదు. వాక్యం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియదు. చదివేవాళ్ళు ముందే తెలుసుకుని చదవండి.

నా మేనకోడలు స్వప్న బడిలో టీచరు. "మామా, నువ్వైతే రాయి. ఒత్తులు, దీర్ఘాలు నేను దిద్దుత. నీ మాటలు మాత్రం ముట్ట" అంది. నేను భయపడుతూనే ఒప్పుకున్నాను. ఇంటి దగ్గర బండి విప్పుదామని చూసేవాళ్ళకు, కొత్తగా షెడ్డు పెట్టేవాళ్ళకు నేను చెప్పాల్సింది ఒకటి ఉంది. అది చాలా ఏళ్ళు చెప్పకుండా దాచాను. దాచినందుకు ఒక మనిషి ఉద్యోగం పోయేదాకా వచ్చింది.

షెడ్డు

గోదావరిఖనిలో గంగ బ్రిడ్జి వైపు పోయే రోడ్డు పక్కన నా రేకుల షెడ్డు ఉండేది. గోదావరిని మేము గంగ అంటాము. పొద్దున ఫస్ట్ షిఫ్టుకు పోయేవాళ్ళు ఆ దారినే పోతారు కాబట్టి ఆరు కాకముందే తీసేవాణ్ణి. పంక్చరు, క్లచ్ వైరు, ప్లగ్గు, ఇట్లాంటివి నిలబడి చేసి పంపాలి. బాయి పనివాళ్ళకు, అంటే బొగ్గు గనిలో పనిచేసేవాళ్ళకు, టైము దాటితే మస్టర్ పడదు. మస్టర్ అంటే హాజరు. అది పడకపోతే ఆ రోజు డ్యూటీ లేనట్టే, నాగా కింద రాసేస్తారు. అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి మనిషీ ఒక కన్ను బండి మీద, ఒక కన్ను గడియారం మీద పెట్టి నిలబడేవాడు.

ఇప్పుడు షెడ్డు లేదు. మోకాళ్ళు మడత పడటం మానేశాక మూసేశాను.

ఉస్తాద్ నేర్పినవి మూడు

నాకు పని నేర్పింది ఖలీల్ ఉస్తాద్. ఆయన దగ్గర చేరేనాటికి నాకు పెళ్ళయింది. అంతకుముందు హోటల్లో చాయ్ పెట్టేవాణ్ణి. మొదటి నెలంతా నాకు పానా ఇవ్వలేదు. కిరోసిన్, తీగల బ్రష్షు ఇచ్చాడు. "ముందుగాల బోల్టు తల కడుగు. మట్టి మీద పానా ఏస్తే అది బోల్టును పట్టుకోదు, మట్టిని పట్టుకుంటది" అనేవాడు. ఇది ఆయన నేర్పిన మొదటి పాఠం. ఈ రోజుకూ దానికి తిరుగులేదు.

రెండోది, పానాను నీ వైపు లాగు, ముందుకు తొయ్యకు అని. తోసినప్పుడు బోల్టు ఒక్కసారి వదిలితే వేళ్ళ ముడులు ఇంజన్‌కు తగిలి చర్మం లేచిపోతుంది. నా కుడి చేతి మీద మూడు మచ్చలున్నాయి. మూడూ ఆయన మాట వినని రోజులవే.

మూడోది మాత్రం తప్పు పాఠం. ఉస్తాద్ చాలా మంచివాడు, ఆయన తిండి తిన్నాను, అయినా తప్పును తప్పనే రాస్తాను.

"రాజన్నా, గిరాకికి బండికేమైందో చెప్పు. ఏ పానాతోని విప్పినవో చెప్పకు. చెప్తే రేపు ఆయనే విప్పుకుంటడు, మనం ఈడ ఈగలు కొట్టుకుంట కూసోవాలె."

మాట చెప్పి ఊరుకోలేదు. కొత్త పానా కొనగానే దాని మీద ఉండే నంబరును ఆకురాయితో రాకేసేవాడు. దాని బదులు రంగు చుక్క పెట్టేవాడు. ఎర్ర చుక్క అంటే పది. పసుపు అంటే పన్నెండు. నీలం అంటే పదిహేడు. ఆ లెక్క ఆయనకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. పక్కన నిలబడి ఎంత చూసినా గిరాకికి, అంటే బండి తెచ్చినవాడికి, చుక్కే కనిపిస్తుంది. నేను సొంత షెడ్డు పెట్టుకున్నాక కూడా అట్లాగే చేశాను. ఒక్కో పానా రాకుతుంటే ఏదో పెద్ద తెలివి చేస్తున్నాననుకునేవాణ్ణి.

నీలం చుక్క

ఇది తెలంగాణ రావడానికి కొన్నేళ్ళ ముందు మాట. ఓదెలు అని ఒక బాయి పనివాడు ఉండేవాడు. ఊరు జైపూర్ వైపు, గంగ అవతల. ఊళ్ళోంచి మొదటి ఆటో బయలుదేరేసరికే ఫస్ట్ షిఫ్టు టైము దాటిపోతుంది కాబట్టి బండి లేకపోతే అతనికి డ్యూటీ లేదు. భార్య జబ్బుపడి చాలా రోజులు దవాఖానలో ఉంటే అతని నాగాలు ఎక్కువై బాయి ఆఫీసు నుంచి ఛార్జిషీటు వచ్చింది. చివరికి, మూడు నెలలు ఒక్క నాగా లేకుండా చేస్తానని రాసిచ్చి వచ్చాడు. ఆ మూడు నెలల్లో ఒక్క నాగా పడినా ఉద్యోగం ఉండదని ఆఫీసులో మొహం మీదే చెప్పారట.

ఆ రోజుల్లోనే ఒకసారి షెడ్డుకు వచ్చాడు. నలుగురైదుగురు బండ్లు పెట్టుకుని నిలబడ్డారు.

"రాజన్నా, ఇంటికాడనే ఆయిల్ మార్చుకుందామని చూస్తున్న. ఏ పానా గావాలె?"

"ఏందే, బాయిల బొగ్గు ఒడిసిందా? నా షెడ్డు మీద పడ్డవ్?" అన్నాను. నిలబడ్డవాళ్ళు నవ్వారు.

"గది గాదన్నా. ఈడికొస్తే షిఫ్టు దిగినంక లైన్ల నిలవడాలె. ఇంటికి పోయేసరికి పొద్దువోతది. జల్ది పండుకోకుంటె తెల్లారి లేవ. ఆదివారం నాడు నా వాకిట్ల నేనే చేసుకుంటె నాకు ఫికర్ ఉండదు."

"నీకెందుకే గవన్ని. నువ్వు బొగ్గు జూస్కో, నీ బండి నేను జూస్కుంట."

అతను నా చేతిలో ఉన్న పానా వైపు వంగి చూశాడు. "దీని మీద నంబరేది?"

"నీలం సుక్క. గదే నంబరు."

మళ్ళీ నవ్వారు. ఓదెలు కూడా నవ్వాడు. ఆ నవ్వు ఎట్లా ఉందో ఆ రోజు నేను చూడలేదు. తరువాత చాలాసార్లు గుర్తొచ్చింది.

ఎక్కు

తరువాతి సోమవారం పొద్దున ఆరు దాటింది. ఓదెలు బండిని తోసుకుంటూ వచ్చాడు. అంగీ చెమటకు తడిసి ఒంటికి అంటుకుంది.

"అన్నా, బ్రిడ్జి మీద ఇంజన్ పట్టేసింది. ఒక్కసారే. కిక్కు గూడ దిగుతలేదు."

నేను కింద కూర్చుని చూశాను. ఇంజన్ అడుగున ఆయిల్ దింపే బోల్టు ఉంటుంది. దాని ఆరు మూలలూ అరిగి గోలీలాగా గుండ్రంగా అయ్యాయి. వేలితో ముట్టుకుంటే అటూ ఇటూ ఊగింది. లోపల బోల్టు పట్టే గాట్లు, అదే మర, పోయింది. దారంతా ఆయిల్ కారిపోయి, ఆయిల్ లేని ఇంజన్ వేడెక్కి పట్టేసింది.

"ఎవడే గీ కసాయి పని చేసింది?" అని అరిచాను.

"నేనే."

"దేంతోని?"

సంచిలోంచి ఒక నల్లటి పానా తీశాడు. సెంటినరీ కాలనీలో ఉండే వాళ్ళ మామ పాతకాలం బాయి ఫిట్టరు. రిటైరై పోయేటప్పుడు తన సొంత పానాలు అల్లుడికి ఇచ్చాడు. "నిన్న దీనితోని విప్పిన. జెర వదులుగ ఉండె గని తిరిగింది. మళ్ళ బిగించేటప్పుడు పానాకు పైపు తొడిగి గట్టిగ బిగించిన. బాయిల గట్లనే బిగిస్తరు గద."

"అరే, ఇది అంగుళాల పానా! బండి బోల్టులు మిల్లీమీటర్లవి. గింత తెల్వదా?"

ఓదెలు నా మొహంలోకి చూశాడు. గొంతు పెంచలేదు.

"నాకెట్ల తెలుస్తదన్నా? అడిగితె నీలం సుక్క అంటివి."

రోడ్డు మీద షిఫ్టు బండ్లు పోతున్నాయి. అతను వాటి వైపు చూస్తున్నాడు. ఎవరినైనా ఆపుదామంటే ప్రతి బండి మీదా ఇద్దరున్నారు.

"ఎక్కు" అన్నాను. షెడ్డు తెరిచే ఉంది, పానాలన్నీ నేల మీదే ఉన్నాయి. నా బండి తీశాను. వెనక అతని టిఫిన్ డబ్బా నా వీపుకు తగులుతూ ఉంది. బాయి గేటు దగ్గర ఆపకముందే దూకి ఉరికాడు. నేను బండి మీదే కూర్చుని మస్టర్ కిటికీ వైపు చూశాను. కాసేపటికి జనం మధ్యలోంచి ఒక చెయ్యి పైకి లేచింది. మస్టర్ పడింది.

తిరిగి వచ్చి నేల మీది పానాలు ఒక్కోటి తుడిచి పెట్టాను.

తప్పు ఎవరిది

ఓదెలు చేసింది తెలివి తక్కువ పని కాదు. ఇది అర్థం చేసుకోండి. బాయి లోపల పాత మిషన్లకు అంగుళాల కొలత. అక్కడ ఒక బోల్టు వదులైతే మనుషులు చచ్చిపోతారు. అందుకే ఫిట్టర్లు పానాకు పైపు తొడిగి ఒళ్ళంతా వేసి బిగిస్తారు. అక్కడ అది మంచి అలవాటు. బండి ఇంజన్ డొక్క మాత్రం అల్యూమినియం. మెత్తటిది. అంత బలం పెడితే బోల్టుకు ఏమీ కాదు, డొక్కలోని మర రాలిపోతుంది.

అంగుళాల పానా ఇంకో మోసం చేస్తుంది. అసలు పట్టకపోతే బాగుండేది, మనిషి పక్కన పడేసేవాడు. అది పడుతుంది. వెంట్రుకంత వదులుతో పడుతుంది. ఆ వెంట్రుకంత వదులే మూలలను తినేస్తుంది. మా బొగ్గుబాయి ఊళ్ళలో ఇంటింటికీ ఇట్లాంటి పాత పానాలుంటాయి. గుండ్రమైన బోల్టులు చూసినప్పుడల్లా నేను గిరాకిని తిట్టేవాణ్ణి. ఏ పానా వాడాలో ఒక్కరికీ చెప్పలేదు. ఓదెలు ఒక్కడే నోరు తెరిచి అడిగాడు, అతన్నీ నలుగురిలో నవ్వులపాలు చేశాను.

నంబర్లు కొట్టాను

ఇంజన్ మొత్తం దించాలి. సిలిండరు, మర పోయిన డొక్క రెండూ మంచిర్యాల లేతు షాపుకు పోవాలి. తొమ్మిది రోజులు పడుతుందని లెక్క వేశాను. ఆ సాయంత్రం ఓదెలు షిఫ్టు దిగి వచ్చేసరికి నా బండి తాళం అతని చేతిలో పెట్టాను.

"మరి నువ్వన్నా?"

"నా ఇల్లు ఈడనే. నడుస్త."

బండి ఒక్కటే ఇస్తే చాలదనిపించింది. షెడ్డు దగ్గరి చిన్న లేతు షాపులో అంకెలు కొట్టే పంచీలుంటాయి, ఇనుము మీద పెట్టి సుత్తితో కొడితే అంకె పడుతుంది. అవి అడిగి తెచ్చాను. ఆరు రింగు పానాలు తీసి, చుక్కలు గీకి, ఒక్కోదాని రెండు చివర్ల మీదా నంబర్లు కొట్టాను. ఓదెలు పక్కన కూర్చుని చూశాడు. అంకెలు వంకరగా పడ్డాయి.

"ఇంతేనా అన్నా? గీ ఆరేనా?" అన్నాడు.

"ఇంతే."

"గీ ఆరు పానాలకా నన్ను గంత ఆగం చేసినవ్!"

నవ్వాను. అతను నవ్వలేదు, కానీ పానాలు తీసుకున్నాడు. ఏది ఎక్కడ పడుతుందో నా బండి మీదే చూపించాను. వెనక చక్రం ఎట్లా వదులు చేయాలి, చైను ఎట్లా బిగించాలి, రెండు వైపులా గీతలు సమానంగా ఎట్లా చూసుకోవాలి అన్నీ చెప్పాను. పానాను చివర పట్టుకోవద్దు, మధ్యలో పట్టుకో, బోల్టు ఆగాక ఇంకో పావు చుట్టు, అంతే అన్నాను.

"పైపు?"

"పైపు తీస్కపోయి మీ పందిరికి కట్టుకో."

అప్పుడు నవ్వాడు.

ఆరో రోజు

అందరి బండ్లూ బాగు చేసేవాడి సొంత బండి ఎట్లా ఉంటుందో మీకు తెలుసు కదా. నాది అట్లాంటిదే. చైను వదులైందని నాకు నెల నుంచీ తెలుసు. ఓదెలుకు నేర్పేటప్పుడు కూడా విప్పి చూపించి, మళ్ళీ పాత గీత దగ్గరే పెట్టేశాను. ఆదివారం చూద్దాంలే అనుకున్నాను. ఇది నా రెండో తప్పు.

ఆరో రోజు మధ్యాహ్నం షిఫ్టు దిగి ఓదెలు షెడ్డుకు వచ్చాడు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. బాయి నుంచి వచ్చేవాడి చేతులు నల్లగానే ఉంటాయి, కానీ ఇది బొగ్గు కాదు. గ్రీజు.

"ఏందన్నా, ఇది మెకానిక్ బండా, పాత సామానోని బండా?"

"ఏమైందే?"

"పొద్దుగాల బ్రిడ్జి దాటంగనే చైను ఊడింది. ఎక్కించిన, మళ్ళ ఊడింది. ఎక్కించిన, మళ్ళ ఊడింది. గుండె జారిపోయింది. అప్పుడు సంచి యాదికొచ్చింది."

నేను లేచి నిలబడ్డాను. "మస్టర్?"

అతను సంచిలోంచి పానాల మూట తీసి, పంతొమ్మిది, పది తీసి నా ముందు పెట్టాడు.

"గీ పంతొమ్మిదితోని ఇరుసు వదులు చేసిన. గీ పదితోని రెండు దిక్కుల చైను గుంజిన. గీతలు సమానం చూసిన. మళ్ళ బిగించిన. పైపు లేదు, ఒట్టి చేతితోనే."

"ఓదెలూ, మస్టర్ పడ్డదా లేదా చెప్పరాదు!"

"పడ్డది. నా ఎనకాల ఇంక ఇద్దరే ఉండిరి."

నేను వంగి చైను చూశాను. వేలితో నొక్కాను. ఎంత ఆడాలో అంతే ఆడింది. నేను బిగించినా అట్లాగే ఉండేది. చివరికి ఆ మూడు నెలలూ ఒక్క నాగా లేకుండా గడిచాయి. ఛార్జిషీటును హెచ్చరికతో మూసేశారు. ఆ కాగితం తెచ్చి నాకు చూపించాడు. అది ఇంగ్లీషులో ఉంది, నాకు చదవడం రాకపోయినా చాలాసేపు చూశాను.

ఏం కొనాలి

ఓదెలు అడిగిన రోజు చెప్పాల్సింది ఇప్పుడు చెప్తున్నాను.

మిల్లీమీటరు కొలతవి రింగు పానాలు ఆరు కొనండి. ఒక్కో పానాకు రెండు చివర్లు, రెండు నంబర్లు. 8-9, 10-11, 12-13, 14-15, 16-17, 18-19. మన దగ్గర తిరిగే వంద సీసీ బండ్లలో చాలావాటికి ఇవి చాలు. ఇంజన్ మూత బోల్టులు ఎక్కువగా 8. సీటు, టాంకు, చైను బిగించే నట్టు 10. ఇంజన్‌ను ఫ్రేముకు పట్టే బోల్టులు 12, 14. ఆయిల్ దింపే బోల్టు 17. వెనక ఇరుసు కొన్ని బండ్లకు 17, కొన్నిటికి 19. మీ బండికి ఏదో ముందే పెట్టి చూసి, గోడ మీద రాసి పెట్టుకోండి.

దుకాణానికి పోయేటప్పుడు మీ బండిదే ఒక బోల్టు ఎవరితోనైనా విప్పించి జేబులో వేసుకుని పోండి. పానాను దాని మీద పెట్టి ఊపి చూడండి. లొడలొడ ఆడితే ఎంత మెరుస్తున్నా తీసుకోవద్దు. ఒకసారి కోస్తా నుంచి వచ్చిన ఒక ఇంజనీరు సారు నలభై ముక్కల పెట్టె పట్టుకుని వచ్చి, "ఏమయ్యా, మొత్తం సెట్టు ఉంది కదా, అయినా ఒక్క బోల్టూ రావట్లేదేంటి?" అన్నారు. పానాలు పెట్టి తిప్పి చూస్తే నోళ్ళు వెడల్పయ్యాయి. "సార్, పెట్టె బాగున్నది, పిల్లల బొమ్మలు పెట్టుకోవచ్చు" అన్నాను. కోపం తెచ్చుకోలేదు, నవ్వి వెళ్ళి ఆరు పానాలు కొనుక్కున్నారు.

నోరు తెరిచి ఉండే పానా చివరి ఉపాయం, మొదటిది కాదు. అది బోల్టును రెండు వైపులే పట్టుకుంటుంది, రింగు ఆరు మూలలూ పట్టుకుంటుంది. స్క్రూ పానా, అదే నోరు పెద్దది చిన్నది చేసుకునేది, బండి దగ్గరికి తీసుకురావద్దు. నల్లా పనికి ఉంచుకోండి.

8, 10, 12 నంబర్లలో టీ పానాలు, అంటే ఇంగ్లీషు T ఆకారంలో ఉండేవి, ఉంటే పని జల్ది అవుతుంది. ప్లగ్గుకు ప్లగ్ పానా తప్పదు. స్క్రూడ్రైవర్లు రెండు, ప్లస్సుది ఒకటి లావుగా ఉండాలి. ఇంజన్ మూత స్క్రూలు మొండివి. ముందు స్క్రూ తల మీద సుత్తితో ఒక దెబ్బ, తరువాత ఒంటి బరువు వేసి నొక్కి తిప్పండి. స్క్రూ గాడి ఒకసారి చెడిపోతే మీ ఆదివారం అయిపోయినట్టే. సుత్తి కట్టెదో ప్లాస్టిక్కుదో కొనండి. ఇనుప సుత్తి ఇంట్లో ఉంటే మేకులు కొట్టుకోండి.

ఇంజన్ లోపలి మాగ్నెట్టు లాగే, క్లచ్ విప్పే సామాన్లు మొదటి ఏడాది కొనవద్దు. అక్కడిదాకా వస్తే షెడ్డుకు పోండి. అది ఓటమి కాదు.

డబ్బు పెట్టి కొనక్కరలేదు కానీ తప్పక ఉండాల్సింది ఒకటి ఉంది, అట్ట. బండి బొమ్మ వంకరటింకరగా గీసుకుని, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడ చిల్లు పెట్టి గుచ్చండి. నేను షెడ్డు మూసేదాకా అట్లాగే చేశాను.

షెడ్డు పెట్టేవాళ్ళకు ఒక మాట. నంబర్లు చెప్తే గిరాకి పోతుందని ఉస్తాద్ భయపడ్డాడు. నేను అందరికీ చెప్పడం మొదలుపెట్టాక కొందరు నిజంగానే రావడం తగ్గించారు. ఎక్కువమంది మాత్రం సగం విప్పి, అనుమానం వచ్చి, నా దగ్గరికే వచ్చారు. వాళ్ళు తెచ్చిన బోల్టుల తలలు మాత్రం మంచిగా ఉండేవి.

ఓదెలు పోయిన ఏడాది రిటైరయ్యాడు. ఆ ఆరు పానాలు నాకు తిరిగి ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఇది రాయాలని కూర్చున్నప్పుడు మాత్రం ఒక రోజుకు అడిగి తెచ్చుకున్నాను.

నేను ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. మాట ముందూ వెనకా అయి ఉంటుంది, చెప్పిందే మళ్ళీ చెప్పి ఉంటాను, స్వప్న కళ్ళు తప్పించుకున్న ఒత్తులు ఎన్నో ఉంటాయి. పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు దయచేసి మన్నించండి. పానా నంబర్లు మాత్రం ఆ ఆరింటినీ వరసగా ముందు పెట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని, వాటి మీద నేను కొట్టిన అంకెలు చూసి రాశాను. వాటి జోలికి స్వప్నను కూడా పోనివ్వలేదు. అవి సరిగ్గానే ఉన్నాయి.